టీవీ నుంచి 'ఎదగడం' ఏంటసలు?

హర్షవర్ధన్ గురించి రాద్దామని కూర్చున్నా. ఏ హర్షవర్ధన్ అని అడిగారు కదా? నా గొడవ సరిగ్గా అక్కడే మొదలు.

"అమృతం హర్షవర్ధన్" అంటే గానీ మనకి మనిషి వెలగడు. 'మనం' సినిమాకి మాటలు రాసిన హర్షవర్ధన్ అని చెప్పి చూడండి, ఎదుటివాడి మొహంలో ఏమీ కదలదు. 'ఇష్క్' మాటలు ఆయనవే, 'గుండెజారి గల్లంతయ్యిందే' మాటలు ఆయనవే, వెంకటేష్ 'గురు' మాటలు ఆయనవే అని వరసపెట్టి చెప్పినా "ఓహో, అలాగా" అనేసి, మళ్ళీ "అమృతంలో మాత్రం భలే ఉంటాడబ్బా" దగ్గరికే వచ్చి ఆగుతారు.

2023 అక్టోబరు 6న ఆయన దర్శకత్వంలో 'మామా మశ్చీంద్ర' వచ్చింది. సుధీర్ బాబు హీరో, మూడు వేషాలు. ఆడలేదు. అప్పుడు మన సాఫ్టువేర్ జనం నోటి నుంచి నేను విన్న తీర్పులు రెండే రెండు. మొదటిది, "టీవీ వాడికి సినిమా ఎందుకు బాస్, హాయిగా కామెడీ చేసుకోక." రెండోది కొంచెం జాలి కలిపింది, "పాపం, టీవీలో అన్నేళ్ళు వేస్టు చేసుకున్నాడు, ముందే సినిమాల్లోకొచ్చుంటే ఎక్కడో ఉండేవాడు." వినడానికి ఒకటి తిట్టు, ఒకటి సానుభూతి. లోపల సరుకు మాత్రం ఒకటే. టీవీ కింది మెట్టు, సినిమా పై మెట్టు, డైరెక్టర్ కుర్చీ అంటే మేడ మీద గది. మనిషన్నాక ఆ మెట్లెక్కాలి, ఎక్కలేకపోతే పడ్డట్టు. ఈ లెక్క ఎవరు రాశారో నాకు తెలీదు గానీ, దీనివల్ల తెలుగు కామెడీకి జరిగిన నష్టం ఇంతా అంతా కాదు.

అసలు 'అమృతం' అనే పని ఎంత పెద్దదో ముందు చూద్దాం. గుణ్ణం గంగరాజు గారి జస్ట్ ఎల్లో సంస్థ, జెమినీ టీవీ, ఆదివారం రాత్రి. 2001 నవంబరు 18న మొదలై 2007 నవంబరు 18న అయిపోయింది. రెండూ ఆదివారాలే. ఈ రెండు తేదీల మధ్య మొత్తం 314 ఆదివారాలొస్తాయి, క్యాలెండర్ పెట్టుకుని లెక్కేశాను (శనివారం పనేం లేదు). ఎపిసోడ్లు 313. అంటే ఆరేళ్ళ పాటు ప్రతివారం ప్రొడక్షన్ రిలీజు! మనం రెండు వారాల స్ప్రింటులో పెట్టిన పని సగం పక్క స్ప్రింటుకి తోసేసి, దానికి ఓ పేరు పెట్టి, మీటింగులో గంభీరంగా చెప్తాం. వాళ్ళకి ఆ అవకాశం లేదు. ఆదివారం వచ్చిందంటే అమృతవిలాస్ తలుపు తియ్యాల్సిందే, సర్వం కాఫీ పట్టుకురావాల్సిందే, అప్పాజీ గారు అద్దె అడగాల్సిందే.

ఇంకోటి. అమృతం పాత్ర హర్షవర్ధన్‌తో మొదలవలేదు. ముందు శివాజీరాజా చేశారు, తర్వాత నరేష్ చేశారు, ఆ తర్వాత ఈయన. అమృతం భార్య సంజు పాత్రకీ మనుషులు మారారు. గుండు హనుమంతరావు గారి ఆంజనేయులు మాత్రం కదల్లేదు. ఇద్దరు సీనియర్లు రాసి వెళ్ళిపోయిన కోడ్ చేతిలో పెట్టి, "కస్టమర్‌కి తేడా తెలియకూడదు" అని చెప్తే ఎలా ఉంటుందో మనకి బాగా తెలుసు. ఆ పాత కోడ్‌కి అలవాటు పడ్డ యూజర్లు లక్షల్లో ఉన్నారు. మూడోవాడిగా వచ్చి, చివరికి ఆ పేరు తన ఇంటిపేరు అయ్యేంతగా చేశాడంటే అది చిన్న సంగతా? నేను ఐదో తరగతిలో ఉండగా సీరియల్ అయిపోయింది. ఇవాళ్టికీ మా పాకాలలో అమృతం అంటే ఎవరి మొహం గుర్తొస్తుందో అడగండి.

పాకాల అన్నాను కదా, తెలియనివాళ్ళకి చెప్తాను. మాది రైల్వే జంక్షన్. ఒక పట్టా తిరుపతికి, ఒకటి చిత్తూరు మీదుగా కాట్పాడికి, ఒకటి పీలేరు, మదనపల్లె మీదుగా ధర్మవరానికి. ఎవరికి ఊరి పేరు చెప్పినా "ఆ, జంక్షన్ కదా, ఒకసారి అక్కడ బండి మారాం" అంటారు. అంటే అక్కడ మనుషులుంటారని, బజారుంటుందని, పిల్లలు పుట్టి పెరుగుతారని ఎవడికీ పట్టదు. సినిమావాళ్ళు, సినిమా పిచ్చోళ్ళు టీవీని చూసే చూపు అచ్చం ఇదే. అది బండి మారే చోటు, అంతే. దిగి, టీ తాగి, పెద్ద బండి ఎక్కేయాలి. అక్కడే ఇల్లు కట్టుకుని బతికేవాణ్ణి చూస్తే బండి తప్పిపోయినవాడేమో అనుకుంటారు.

మళ్ళీ హర్షవర్ధన్ దగ్గరికొద్దాం. 2007 తర్వాత ఈయన మాటల రచయితగా ఏం చేశాడో చూడండి. 2012లో 'ఇష్క్'. వరస ఫ్లాపుల్లో ఉన్న నితిన్‌ని నిలబెట్టిన సినిమా. అప్పుడు మనం ఎవర్ని పొగిడాం? నితిన్‌ని, విక్రమ్ కుమార్‌ని, అనూప్ రూబెన్స్ పాటల్ని, పి.సి.శ్రీరామ్ కెమెరాని. అందరూ అర్హులే, కాదన్ను. మరుసటేడు 'గుండెజారి గల్లంతయ్యిందే', మళ్ళీ నితిన్, మళ్ళీ హిట్టు. డైరెక్టర్ మారాడు, మాటలు రాసిన చెయ్యి మారలేదు. రెండు హిట్ల మధ్య కామన్ లైబ్రరీ ఏంటో వెతకడం మన ఉద్యోగంలో రోజూ చేసే పనే, సినిమా దగ్గరికొచ్చేసరికి ఆ బుర్ర ఎటు పోతుందో!

2014లో 'మనం'. అక్కినేని గారు ఆ జనవరిలో పోయారు, మేలో సినిమా వచ్చింది. ఆయన ఆఖరి సినిమా కాబట్టి అందరం కళ్ళనీళ్ళతోనే చూశాం. ఆ సినిమాలో నాగార్జున పాత్ర పేరు నాగేశ్వరరావు. నాగచైతన్య పాత్ర పేరు నాగార్జున. అక్కినేని పాత్ర పేరు చైతన్య. ఇలాంటి వేరియబుల్ పేర్లతో ఎవడైనా కోడ్ పంపితే రివ్యూలో మొహాన కొడతాం :) పైగా పునర్జన్మలు. ఓ వ్యాపారవేత్త, కాలేజీ కుర్రాడిలో చనిపోయిన తన నాన్నని చూసుకుని వెంటపడుతుంటాడు. కాగితం మీద చదివితే తల తిరిగే కథ. హాల్లో మాత్రం మా అమ్మమ్మకి కూడా ఎక్కడా గందరగోళం లేదు. ఎవరు ఎవర్ని ఏ వరసతో పిలుస్తున్నారో, ఆ పిలుపులో నవ్వు ఎక్కడ ఆగి ఏడుపు ఎక్కడ మొదలవుతుందో, అదంతా మాటల పని. కథ, స్క్రీన్‌ప్లే విక్రమ్ కుమార్‌వి, ఆ ఘనత ఆయనదే. కానీ నలుగురు మనుషుల్ని ఒక గదిలో కూర్చోబెట్టి, చిక్కుముడిని మామూలు ఇంటి మాటల్లో విప్పడం అనే విద్య ఉంది చూశారూ, అది సిట్‌కామ్ విద్య. ఏ మాటకి జనం నవ్వుతారో, ఏ మాట ఒక్క పదం ఎక్కువై చచ్చిపోతుందో వారం వారం నోటితో పలికి చూసుకున్నవాడికి వచ్చే విద్య. "టీవీలో వేస్టు చేసుకున్న ఏళ్ళు" అన్నారే, ఆ ఏళ్ళ వడ్డీనే మీరు 'మనం'లో అనుభవించింది.

అదే 2014లో ఇంకో చిత్రం జరిగింది. అమృతాన్ని సినిమాగా తీశారు, 'చందమామలో అమృతం'. తీసింది గంగరాజు గారే. అప్పాజీగా శివన్నారాయణ, సర్వంగా వాసు ఇంటూరి అలాగే ఉన్నారు. అమృతం మాత్రం అవసరాల శ్రీనివాస్. శ్రీనివాస్ మంచి నటుడు, ఆ మరుసటి నెలలోనే 'ఊహలు గుసగుసలాడే'తో డైరెక్టర్‌గా కూడా మెప్పించాడు. నా బాధ అది కాదు. తెర పెద్దదయ్యేసరికి చిన్న తెర మీద అన్నేళ్ళు ఆ పాత్రని మోసిన మొహం మారింది, మనమూ పెద్దగా ఏమీ అనుకోలేదు. తిరిగి 2020 ఉగాదికి జీ5లో 'అమృతం ద్వితీయం' వచ్చినప్పుడు హర్షవర్ధన్ మళ్ళీ అమృతం అయ్యాడు. గుండు హనుమంతరావు గారు 2018 ఫిబ్రవరిలోనే వెళ్ళిపోయారు, ఆంజనేయులుగా ఎల్.బి.శ్రీరామ్ వచ్చారు. అంటే చిన్న తెరకి ఆయనే కావాలి, పెద్ద తెరకి అక్కర్లేదు. మెట్ల లెక్క ఎంత లోతుగా దిగిందో చూడండి.

ఇక 'మామా మశ్చీంద్ర'. చూశాను, నాకూ నచ్చలేదు. ఒకే నటుడు మూడు వేషాలు, అందులో ఒకటి పెద్దాయన, ఒకటి లావుపాటి మనిషి. మేకప్పు, గెటప్పు, మలుపు మీద మలుపు. ఈ హడావుడిలో హర్షవర్ధన్‌కి వచ్చిన అసలు విద్య, అంటే ఇద్దరు మనుషులు ఒక టేబుల్‌కి అటూ ఇటూ కూర్చుని మాట్లాడుకోవడం, దానికి చోటే దొరకలేదు. దానికి ముందు ఆయన 'గుడ్ బ్యాడ్ అగ్లీ' అని ఓ చిన్న సినిమా తీశాడు. దాన్ని మీలో ఎంతమంది చూశారు? ఇప్పుడు ఆ పేరు కొడితే 2025లో వచ్చిన అజిత్ సినిమా వస్తుంది, పేరు కూడా మిగలనివ్వలేదు పాపం. చిన్నది తీస్తే మనం చూడం. పెద్దది తీసి పోగొట్టుకుంటే మాత్రం "వీడికెందుకు ఇదంతా" అంటాం.

ఇదంతా మన ఆఫీసుల్లో చూడట్లేదా? మా టీములో ఒకాయన ఉండేవాడు. ప్రొడక్షన్‌లో ఏది పగిలినా అర్ధరాత్రి లేచి లాగ్స్ చూసి, పది నిమిషాల్లో వేలు పెట్టి "ఇదిగో ఇక్కడ" అనేవాడు. తొమ్మిదేళ్ళ అనుభవం. కంపెనీ ఏం చేసింది? "నెక్స్ట్ లెవెల్" అని మేనేజర్‌ని చేసింది. మనిషికి ఎక్సెల్ షీట్లు, అప్రైజల్ ఫారాలు, క్లయింట్ కాల్స్. ఏడాదిన్నర తిరిగేసరికి "మేనేజర్‌గా వీక్" అని రేటింగు. పని తెలిసినవాణ్ణి పని నుంచి పీకి, రాని పనిలో పెట్టి, రాలేదని తేల్చారు. జీతం పెరగాలంటే వేరే దారి పెట్టలేదు కాబట్టి ఆయనా ఒప్పుకున్నాడు. ఆయన్ని తప్పుపట్టేవాడు నాకు కనబడితే చెప్తాను. కోడ్ రాస్తూనే పైకెళ్ళే దారి, ప్రిన్సిపల్ ఇంజనీర్ అనో ఆర్కిటెక్ట్ అనో, ఉన్న కంపెనీల్లో ఈ గోల తక్కువ. తెలుగు వినోద పరిశ్రమలో ఆ రెండో దారే లేదు. మాటలు బాగా రాస్తే "డైరెక్టర్ ఎప్పుడవుతావ్?" టీవీలో బాగా చేస్తే "సినిమా ఎప్పుడు?"

ఎప్పుడూ ఇంతేనా అంటే, కాదు. పింగళి నాగేంద్రరావు పేరు 'మాయాబజార్' చూసిన ప్రతివాడికీ తెలుసు, ఆయన డైరెక్టర్ కాదు. ముళ్ళపూడి వెంకటరమణ దర్శకుడు కాలేదు, అయినా బాపు సినిమాని జనం బాపు-రమణ సినిమా అనే అన్నారు. 'శంకరాభరణం'కి రాసిన జంధ్యాల 1981లో 'ముద్దమందారం' తీశాడు, 'నువ్వే కావాలి'కి రాసిన త్రివిక్రమ్ 2002లో 'నువ్వే నువ్వే' తీశాడు. వాళ్ళు గెలిచారు, మంచిదే. ఆ గెలుపు చూసి, డైరెక్టర్ కాని రచయితంటే సగంలో ఆగిపోయినవాడని మనం రాసుకున్నాం.

"టీవీ వాడికి సినిమా రాదు" అనే మాట ఎంత అబద్ధమో చెప్పడానికి అదే 2023 చాలు. మార్చిలో 'బలగం' వచ్చింది. తీసిన వేణు యెల్దండిని మనకి దగ్గర చేసింది 'జబర్దస్త్'. తెలంగాణ పల్లె, చావు ఇల్లు, పిట్ట ముట్టని కూడు. పెద్ద హీరో లేడు, మూడు వేషాలు లేవు. ఊళ్ళల్లో తెరలు కట్టి జనం చూశారు. అప్పుడు మనం అన్నదేంటి? "జబర్దస్త్ వేణా తీసింది? నమ్మలేం!" పొగడ్తే అనుకుని అన్నాం గానీ, అందులో ఉన్న అవమానం చూడండి. ఇక రాజమౌళి సంగతి. 'స్టూడెంట్ నెం.1' కంటే ముందు ఆయన ఈటీవీకి 'శాంతినివాసం' సీరియల్ తీసినవాడే. ఆయన్నెవరూ టీవీ రాజమౌళి అనరు. గెలిస్తే టీవీ "కష్టాల రోజులు" అవుతుంది, ఓడితే ఇంటిపేరు అవుతుంది.

మనం పొద్దస్తమానం 'ఫ్రెండ్స్' మీమ్స్ పంపుకుంటాం కదా, అక్కడ ఎలా జరిగిందో చూద్దాం. రాస్‌గా వేసిన డేవిడ్ ష్విమర్ అదే సీరియల్లో పది ఎపిసోడ్లు డైరెక్ట్ చేశాడు. తను ఎరిగిన సెట్టు, తను ఎరిగిన మనుషులు. అక్కడ తప్పు జరిగినా వచ్చే వారం దిద్దుకోవచ్చు. 'హ్యాపీ డేస్' అని (శేఖర్ కమ్ముల గారిది కాదండోయ్) ఓ సిట్‌కామ్‌లో కుర్రాడిగా వేసిన రాన్ హోవర్డ్, అందులో నటిస్తూండగానే 1977లో రోజర్ కార్మన్ దగ్గర తక్కువ ఖర్చుతో తొలి సినిమా తీశాడు. పాతికేళ్ళ తర్వాత 'ఎ బ్యూటిఫుల్ మైండ్'కి ఆస్కార్ తీసుకున్నాడు. వీళ్ళకంటే నాకు ముఖ్యమైనవాడు జేమ్స్ బరోస్. వెయ్యికి పైగా టీవీ ఎపిసోడ్లు డైరెక్ట్ చేశాడు, 'చీర్స్', 'ఫ్రెండ్స్', 'విల్ అండ్ గ్రేస్'. ఆయన్ని "ఇంకా టీవీలోనే ఉన్నావా" అని జాలిపడేవాడు అక్కడ లేడు. సిట్‌కామ్‌కి ఆయన ప్రిన్సిపల్ ఇంజనీర్.

అమెరికా డబ్బు వేరు, మార్కెట్ వేరు అంటారని తెలుసు. సరే, అంత దూరం వద్దు. మా ఊళ్ళో కేబుల్ పెడితే జెమినీ పక్కనే సన్ టీవీ వచ్చేది, రెండూ ఒకే యజమానివి కూడా. చిత్తూరు జిల్లాలో పుట్టినవాడికి ఇంట్లో తెలుగు, వీధిలో సగం తమిళం. ఆ పుణ్యాన క్రేజీ మోహన్ పేరు నాకు చిన్నప్పుడే తెలుసు. గిండీ కాలేజీలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివినాయన, అంటే మన కులమే. కమల్‌హాసన్ 'మైకేల్ మదన కామరాజు', 'భామనే సత్యభామనే', 'పంచతంత్రం' మీరు చూసి పడీపడీ నవ్వారు కదా, వాటి తమిళ మాతృకలకి మాటలు ఆయనవే. నాటకాలు రాశాడు, టీవీకి రాశాడు, సినిమాకి రాశాడు, 2019లో పోయేదాకా తన నాటక బృందాన్ని వదల్లేదు. డైరెక్టర్‌గా స్టార్ హీరోని పట్టుకోవాల్సిన అవసరం ఆయనకి రాలేదు. తమిళ జనానికి ఆ పేరు చాలు, టిక్కెట్టు తెగేది. కాట్పాడి దాటితే ఉన్న మర్యాద ఇటుపక్క ఎందుకు లేదు? రైలు ఒకటే కదా.

ఎందుకంటే మనం అడగలేదు. మనం అంటే ప్రత్యేకంగా మనమే, సాఫ్టువేర్ వాళ్ళం. సినిమా టిక్కెట్లకి, ఓటీటీ చందాలకి డబ్బు పెట్టేది మనం. కంపైల్ అయ్యేలోపు, బిల్డ్ అయ్యేలోపు, మీటింగులో మ్యూట్ పెట్టి యూట్యూబులో పాత అమృతం చూసేది మనం. "స్ట్రెస్ బస్టర్ మామా" అని గ్రూపుల్లో పంపేదీ మనమే. 'ఎవెంజర్స్'లో ఏ పార్ట్ ఎవరు తీశారో నిద్రలో లేపి అడిగినా చెప్తాం, 'మనం' మాటలు ఎవరివో చెప్పలేం. గిట్‌హబ్‌లో మన కమిట్ మీద పక్కవాడి పేరు పడితే మేనేజర్‌కి మెయిల్ కొడతామే!

అమృతం 2007లో ఆగాక దాని చోట్లో ఏమొచ్చింది? చానెళ్ళు రోజువారీ సీరియళ్ళకి పోయాయి. ఆ తర్వాత స్కిట్లు. స్కిట్ వేరు, సిట్‌కామ్ వేరు. స్కిట్‌లో మనిషి ఏడు నిమిషాలు బతికి చచ్చిపోతాడు, వచ్చే వారానికి వేరే మనిషి. సిట్‌కామ్‌లో వాడికి అద్దె బాకీ ఉంటుంది, గతవారం చేసిన వెధవ పని ఈ వారం గుర్తుంటుంది. ఓటీటీలు వచ్చాక ఆశపడ్డాను. 'సేవ్ ది టైగర్స్' వచ్చింది, '90స్' వచ్చింది, రెండూ బాగున్నాయి. కానీ ఆరేసి ఎపిసోడ్లు! పాత్రలు మనకి చుట్టాలయ్యేలోపు సీజన్ అయిపోతుంది. తర్వాత ఏడాదో, రెండేళ్ళో ఎదురుచూపు. ఆరు ఎపిసోడ్లతో రచయిత చెయ్యి తిరగదు. హర్షవర్ధన్ లాంటివాళ్ళు తయారైంది వారం వారం నడిచిన పనిలో. ఇప్పుడు అలాంటి పని నడిపించగలిగిన మనిషి ఎదురుగా ఉన్నాడు. ఆయన చేతికి ఓ నలుగురు కుర్ర రచయితల్ని, ఒక సెట్టుని, ఏడాదికి యాభై ఎపిసోడ్లని ఇచ్చి, "హీరో అక్కర్లేదు, మూడు వేషాలు అక్కర్లేదు, ఈ బల్ల దగ్గర ఎవరు కూర్చోవాలో మీరే చెప్పండి" అన్న చానెల్ గానీ, ఓటీటీ గానీ ఉందా? ఆయన్ని పిలిచి వేషాలిస్తున్నారు. 2025లో 'కోర్ట్'లో లాయరుగా ఇరగదీశాడు, చప్పట్లు కొట్టాం. "ఆ లాయరు మన అమృతమే కదా" అని కూడా అనుకున్నాం.

వారం వారం సిట్‌కామ్ ఇప్పుడు గిట్టుబాటు కాదు అంటారు. ఆరేళ్ళ పాటు ఆదివారం పూట, ప్రకటనల డబ్బుతో, మా పాకాల లాంటి ఊళ్ళ కేబుల్ కనెక్షన్ల మీద గిట్టుబాటైంది. అప్పుడు అది చూడ్డానికి మా నాన్న విడిగా పైసా కట్టలేదు. ఇప్పుడు నేనొక్కడినే నాలుగు ఓటీటీలకి చందా కడుతున్నాను, కట్టి, రాత్రి పదింటికి ఏం చూడాలో తోచక, యూట్యూబులో అమృతం పెట్టుకుని అన్నం తింటున్నాను.